సిగ్గు తెర

పెద్దపేగు క్యాన్సర్ సాధారణంగా తొందరపడే వ్యాధి కాదు. పేగు లోపలి పొరపై ముందుగా ఒక చిన్న కండమొలక పుడుతుంది. వైద్యులు దానిని పాలిప్ అంటారు. అది క్యాన్సరుగా మారడానికి తరచు పదేళ్లు పడుతుంది. మొలకగా ఉన్నప్పుడే తుంచివేస్తే అది వ్యాధిగా మారదు. ఇంత గడువిచ్చే శత్రువు చేతిలోనూ మనుషులు ఓడిపోతున్నారంటే అందుకు ఒక కారణం సిగ్గు.

తెలుగువారు మలవిసర్జనను కాలకృత్యమన్నారు, బహిర్భూమి అన్నారు. అసలు మాటను నోట రానీయలేదు. సభ్యత కోసం పుట్టిన ఆ చాటు వైద్యుని ఎదుట కూడా తొలగకపోవడమే చిక్కు. మలంలో రక్తం కనిపించినా మొలల వ్యాధి అని సరిపెట్టుకొని నెలలు గడిపేవారున్నారు. ఈ సిగ్గు మన ఒక్కరి సొత్తు కాదు.

అమెరికాలో 'టుడే' అనే ఉదయపు టెలివిజన్ కార్యక్రమానికి కేటీ కౌరిక్ వ్యాఖ్యాతగా ఉండేవారు. ఆమె భర్త, న్యాయవాది జే మొనహాన్‌కు 1997లో పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. అప్పటికే అది ఇతర అవయవాలకు పాకింది. తొమ్మిది నెలలకు, 1998 జనవరిలో, 42 ఏళ్ల వయస్సులో ఆయన కన్నుమూశారు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు.

2000 మార్చిలో కౌరిక్ స్వయంగా కొలనోస్కోపీ చేయించుకొని, ఆ పరీక్షను తన ప్రేక్షకులకే చూపించారు. పేగును శుభ్రపరిచే మందు తాగడం, మత్తుగా పడుకోవడం, కెమెరా అమర్చిన సన్నని గొట్టం పేగులో సాగడం, వీటిలో దేనినీ దాచలేదు. తీర్చిదిద్దుకొని కనిపించడమే వృత్తిధర్మమైన చోట అది సామాన్యమైన సాహసం కాదు. ఆ తరువాతి నెలల్లో ఈ పరీక్షలు 20 శాతానికి పైగా పెరిగాయని మిచిగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో వెల్లడించారు.

పొగాకు, మద్యం మానడం, పీచుపదార్థం గల ఆహారం, వ్యాయామం మేలు చేస్తాయి. కాని అవి పరీక్షకు బదులు కావు. అమెరికా నిపుణుల సంఘం పరీక్షలు మొదలుపెట్టవలసిన వయస్సును 2021లో 50 నుండి 45కు తగ్గించింది. మలంలో కంటికి కనబడని రక్తాన్ని కనిపెట్టే పరీక్ష అయితే ఏటా, కొలనోస్కోపీ అయితే పదేళ్లకొకసారి చేయించుకోవాలి.

మొనహాన్ వయస్సు ఈ కొత్త హద్దుకు కూడా లోపలిదే. రక్తం, కారణం తెలియని నీరసం, మలవిసర్జనలో మార్పు కనిపించినప్పుడు ఏ వయస్సువారైనా వైద్యునికి చెప్పుకోవలసిందే. తల్లిదండ్రులలో ఒకరికి ఈ వ్యాధి వస్తే, సంతానానికి 40వ ఏటగాని, వారికి వ్యాధి కనబడిన వయస్సుకు పదేళ్లు ముందుగాని, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయాలంటారు. అంటే తండ్రికి 41వ ఏట వ్యాధి కనబడితే బిడ్డలకు 31వ ఏటనే. ఇంట్లో ఆ వ్యాధి పేరే ఎవరూ పలకకపోతే ఆ బిడ్డలకు ఈ లెక్క తెలిసే దారి లేదు.