వెనకవాడి కోసం వెలిగే దీపం

కారులో ఉన్న దీపాలన్నిటిలోనూ బ్రేకు లైటంత పరోపకారి ఇంకోటి లేదు. అది వెలిగిందో లేదో నడిపేవాడికి కనిపించదు, వెనక వచ్చేవాడికే తెలియాలి. 1986 మోడల్ నుంచి అమెరికాలో కార్లకు వెనక మధ్యలో మూడో లైటు కూడా తప్పనిసరి చేశారు, వాడికి ఇంకా బాగా కనిపించాలని.

2007 జనవరిలో మా పాత కారుకి ఆ మూడూ ఒకేసారి ఆరిపోయాయి. మిషిగన్ చలికాలం, రోడ్ల నిండా మంచు, దాని మీద ఉప్పు. బ్రేకు పడుతోంది గానీ లైటు రాదు. ఒక్కోరోజు గేరు పార్కులోంచి కదలనని మొండికేసేది. ఆటోమేటిక్ కారులో బ్రేకు తొక్కినట్టు కబురందితేనే గేరు కదులుతుంది. ఆ కబురూ, లైట్లకెళ్ళే కరెంటూ మా కారులో పెడలు పైనున్న చిన్న స్విచ్చి నుంచే. పదహారేళ్ళ మా అమ్మాయి పొద్దున్నే చీకట్లో స్కూలుకి వెళ్ళేది ఆ కారులోనే. మా ఆవిడకి నిద్ర పట్టేది కాదు.

మెకానిక్కు స్విచ్చి మార్చి 140 డాలర్లు తీసుకున్నాడు. రెండు రోజులు వెలిగాయి. మూడోరోజు మళ్ళీ మామూలే.

అప్పుడు మా మామగారు మా దగ్గరున్నారు. తెనాలి చుట్టుపక్కల ముప్ఫయ్యేళ్ళు లైన్‌మన్‌గా స్తంభాలెక్కి రిటైరైన మనిషి. ఇక్కడ ఆయనకి చెయ్యడానికి పనేముంది? ఫ్రిజ్ మీది క్యాలెండర్లో రోజుకో గీత కొడుతూ, తిరుగు ప్రయాణానికి ఎన్నాళ్ళుందో లెక్కపెట్టుకునేవారు.

శనివారం నేను మీటరు పట్టుకుని డాష్‌బోర్డు కింద దూరాను. ఫ్యూజు బాగానే ఉంది. స్విచ్చి ప్లగ్గు ఊడదీసి చూస్తే, వచ్చే తీగలో 12 వోల్టులూ ఉన్నాయి. మరి లైటెందుకు రాదు? మంకీ క్యాప్ పెట్టుకుని మామగారు గరాజులోకి వచ్చారు.

"మీటరు మాట నమ్మకండి బాబూ. అది చుక్క కరెంటు కూడా తాగదు. తాగేదాన్ని పెట్టి చూడండి."

పాత ఇండికేటరు బల్బుకి రెండు తీగలు కట్టారు. పసుపు తొడుగున్న వైర్ల జోలికి మాత్రం వెళ్ళొద్దన్నాను, అవి ఎయిర్‌బ్యాగువి. ఆయన ఒక తీగ కారు బాడీకి, ఇంకోటి స్విచ్చికొచ్చే తీగకి తగిలించారు. బల్బు నిప్పుకణికలా మినుకుమంది. పక్కనే మీటరు పెడితే 12 కాస్తా 4 అయింది!

"చూశారా? పంపులో నీళ్ళున్నాయి, బిందె నింపే ధార లేదు. ఎక్కడిదాకా ధార ఉందో వెతుక్కుంటూ పోవాలి."

ఫ్యూజు దాటిన చోట బల్బు భగ్గుమంది. అంటే జబ్బు ఫ్యూజుకీ స్విచ్చికీ మధ్యనే. తీగ పట్టుకుని వెళ్తే తలుపు పక్క కాళ్ళ దగ్గర ఒక జాయింటు దొరికింది. బూట్లకంటిన మంచు కరిగి ఉప్పునీరు అక్కడే చేరుతోంది. విప్పితే లోపలంతా పచ్చటి చిలుము. స్విచ్చి మార్చేటప్పుడు తీగలు కదిలి ఆ జాయింటు కాస్త అతుక్కున్నట్టుంది, అందుకే ఆ రెండు రోజుల భోగం. కొత్త టెర్మినల్ బిగించి, నీరు చేరకుండా తీగని పైకి కట్టాం. బల్బు పెట్టి మళ్ళీ కొలిస్తే ఫ్యూజు నుంచి స్విచ్చి దాకా పోయేది వోల్టులో పదోవంతు.

మా అమ్మాయి సీట్లో కూర్చుని బ్రేకు తొక్కింది. మామగారు మంచులో కారు వెనకాల నిలబడి, "మూడూ వెలిగాయి తల్లీ!" అని వీధంతా వినపడేలా కేకేశారు. వచ్చి ఆర్నెల్లయినా ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలీదు.

ఆ సంగతి తెలుగువాళ్ళలో పాకింది. ఒకాయన గరాజు లైటు, ఇంకొకాయన ట్రైలరు లైట్లు. శనివారమైతే చాలు, మామగారి కోసం ఫోను మోగేది. జేబులో ఆ బల్బు వేసుకుని బయల్దేరేవారు.

ఓరోజు పాలు తీస్తూ క్యాలెండరు చూశాను. నాలుగు రోజులుగా గీత కొట్టలేదు.