టీ పిప్పి, తుప్పు మేకు



'పీల్చి పిప్పి చేశారు' అనే మాట మన ఉపన్యాసాల్లో తరచూ వినబడుతుంది. ఇవాళ నిజం పిప్పి గురించే మాట్లాడదాం. టీ పిప్పి.

మా బంటుమిల్లి చుట్టుపక్కల ఊడ్పులకూ కోతలకూ పోయిన మా అమ్మల తరానికి పొలంలో టీ కూలిలో భాగం. కొన్ని ఇళ్లల్లో ముందు రైతు కుటుంబం తాగేది. మిగిలిన పిప్పిలో మళ్లీ నీళ్లు పోసి, పంచదార కాస్త ఎక్కువేసి, మరగబెట్టి క్యానులో గట్టు మీదికి పంపేవాళ్లు. మా వాళ్ల సత్తు గ్లాసుల్లోకి తగలకుండా ఎత్తి పోసేవాళ్లు. "ఇది టీ కాదొదినా, టీ కడిగిన నీళ్లు" అని ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లట. మా అమ్మ చెబుతుంది. ఆ ఇళ్ల పేర్లు ఇక్కడ అనవసరం.

రెండు గ్లాసుల మీద మన ఉద్యమాలు చాలా కొట్లాడాయి. హోటల్లో గ్లాసు దగ్గర వివక్ష చూపితే నేరమని 1955 నాటి చట్టం నాలుగో సెక్షన్‌లోనే ఉంది. ఆ తర్వాత పేపర్ కప్పులు వచ్చి చాలాచోట్ల గొడవ లేకుండా చేశాయి. కప్పు మారింది, మనసు మారిందని నేననుకోను. అయితే మనం గ్లాసు చూసినంతగా గ్లాసులో ఏముందో చూడలేదు.

టీ ఆకును నలిపి చీల్చినప్పుడు అందులో ఉండే కాటెకిన్లు అనే పదార్థాలు, ఆకులోనే ఉన్న ఒక ఎంజైమ్, గాలిలోని ఆక్సిజన్ కలుస్తాయి. పచ్చదనం పోయి, మెరుపు ఇచ్చే థియాఫ్లావిన్లూ, ఎర్రటి గోధుమ రంగు ఇచ్చే థియారుబిజిన్లూ పుడతాయి. మనం కొనే గుండ్రటి పొడిని అస్సాంలో పుట్టిన సీటీసీ పద్ధతిలో చేస్తారు. అంటే నలపడం, చీల్చడం, చుట్టడం. ఇక కెఫీన్ ఎండు ఆకులో 2 నుంచి 4 శాతం ఉంటుంది. అది నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది కాబట్టి మొదటి మరుగులోనే చాలావరకు దిగిపోతుంది. వాసనా అప్పుడే పోతుంది. పిప్పిలో ఆలస్యంగా దిగేది కాస్త రంగూ, వగరూ. అంటే హుషారు ఇంట్లోవాళ్లకి, వగరు గట్టు మీదవాళ్లకి. మా అమ్మలు నవ్వుతూ చెప్పింది కెమిస్ట్రీయే.

ఆ వగరుతో ఇంకో పేచీ ఉంది. మనకు పక్కనే ఉన్న పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. గుడ్డను ముందు కరక్కాయ రసంలో నానబెట్టి ఆరేస్తారు. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్లలో పులియబెట్టిన ద్రవాన్ని చెక్క అచ్చుతో దాని మీద అద్దుతారు. కరక్కాయలోని వగరు ఇనుమును పట్టుకుంటుంది, కడిగినా పోని నలుపు వస్తుంది. టీలోని వగరు పదార్థాలు కడుపులో చేసేదీ దాదాపు అదే. చద్దన్నం, పప్పు, ఆకుకూరల్లో ఉండే ఐరన్‌ని పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. అన్నంతో పాటే టీ తాగితే ఆ ఐరన్ అందడం సగానికి పైగా పడిపోయినట్టు పరీక్షల్లో తేలింది. పాలు పోశాం కదా అంటారు. పాలలోని కాల్షియం కూడా ఐరన్‌కి అడ్డే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. దానికి టీయే కారణమని నేననడం లేదు. కారణం తిండి లేకపోవడం, కూలి చాలకపోవడం, నులిపురుగులు, వెంటవెంటనే కాన్పులు. కానీ ఆకలిని చంపడానికి టీ తాగే మనిషికి, తిన్న ఆ కాస్తలో ఐరన్ కూడా దక్కకపోతే?

ఇక్కడొక విషయం చెప్పి తీరాలి. మాంసంలో ఉండే ఐరన్ వేరే రకం. అది హీమ్ అనే గూటిలో భద్రంగా ఉంటుంది కనుక టీ వగరు దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. గొడ్డుమాంసంలో అది బాగా ఉంటుంది. మన పెద్దలు ఎండబెట్టి దాచుకున్న ఒరుగులను చూసి ముక్కు మూసుకున్నవాళ్లే, రక్తహీనత మీద సెమినార్లు పెడతారు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ పండుగ చేస్తే ఎంత గొడవ చేశారో గుర్తుందిగా.

హాస్టల్ పిల్లలకు ఒక మాట. అన్నానికీ టీకీ మధ్య గంటైనా ఎడం ఉంచండి. ఐరన్ మాత్రను టీతో మింగకండి. మంచినీళ్లతో వేసుకోండి, నిమ్మకాయ నీళ్లయితే ఇంకా మంచిది.

పిప్పి సంగతికొస్తే, అందులో నత్రజని ఇంకా ఉంటుంది. పాలూ పంచదారా పోయేలా కడిగి ఎరువు గుంటలో వేయండి. కడగకుండా కుండీలో పోస్తే చీమలూ బూజూ పడతాయి. రొయ్యలు వలిచిన చేతులకు రుద్దితే నీచు వాసన తగ్గుతుంది. వాడిన పిప్పిని ఎండబెట్టి, రంగేసి మళ్లీ అమ్మే మోసగాళ్లూ ఉన్నారు. విడిగా కొన్న పొడిని తెల్ల వడపోత కాగితం మీద చల్లి నీళ్లు చిలకరించండి. ఆ వెంటనే రంగు మరకలు పడితే కల్తీ అని అనుమానించాలి.

ఇంకొక్క పని. పాలు పోయని టీ పిప్పిని మరగబెట్టి వడకట్టి, ఒక తుప్పు మేకు వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున్నకి నీళ్లు నల్లబడతాయి. మీ పేటలో ఆశా కార్యకర్త మీటింగ్ పెట్టినప్పుడు ఆ గ్లాసు పట్టుకెళ్లి అమ్మలకి చూపించండి. తాగనివ్వకండి.

జై భీమ్.