రాజమండ్రి వెళ్తున్నారా? నీళ్ళు తాగే వెళ్ళండి!

కార్తీకమాసం దగ్గర పడుతోందంటే చాలు, మన ఇళ్ళల్లో గోదావరి మాట మొదలవుతుంది. ‘ఈసారైనా వెళ్ళొద్దాం’ అని పెద్దవాళ్ళు, ‘పాపికొండలు చూద్దాం’ అని పిల్లలు, ‘పులస దొరుకుతుందా’ అని మగవాళ్ళు (కార్తీకంలో పులస ఏమిటండీ, అది వరద నీటి చేప!). అందరూ తలో కోరికా చెబుతారు. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ పైకి అడగరు. అక్కడ ఆడవాళ్ళకి బాత్‌రూమ్ ఎక్కడుంటుంది?

నవ్వకండి. రాజమండ్రి ప్రయాణమంటే మీకు గుళ్ళూ ఘాట్లూ ఎవరైనా చెబుతారు. నేను ఈ సంగతే చెబుతాను, ఎందుకంటే దీని మూలంగానే మా అత్తయ్యగారికి ప్రాణం మీదకి వచ్చింది.

మూడేళ్ళ కిందట కార్తీక సోమవారానికి బయల్దేరాం. ఆవిడకి డెబ్బై దాటాయి. షుగరుంది, బీపీ ఉంది. బీపీకి వేసుకునే రెండు మాత్రల్లో ఒకటి ఒంట్లో నీరు లాగేది. అది వేసుకున్నాక నాలుగు గంటలపాటు గంటకోసారి బాత్‌రూమ్‌కి వెళ్ళాల్సిందే. ఆవిడ ఏం చేశారో తెలుసా? మాకు ఒక్క ముక్క చెప్పకుండా రెండు రోజుల ముందునుంచే ఆ మాత్ర మానేశారు. రైలెక్కిన దగ్గర్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. కాఫీ ఇస్తే ‘ఉపవాసం’ అన్నారు. మేమూ నమ్మాం. ఘాట్‌లో స్నానం అయ్యి, దీపం వదిలి, మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి కూలబడిపోయారు. కాళ్ళు చూస్తే పాదాలు ఉబ్బి ఉన్నాయి.

డాక్టరుగారు చూసి, ‘మామ్మగారూ, మాత్ర మానేశారా?’ అన్నారు. ఆవిడ తల వంచుకుని, ‘ఎక్కడికెళ్ళనూ నాయనా?’ అన్నారు. అంతే. నేనూ మా వారూ ముఖాలు చూసుకున్నాం. ఇంటికొచ్చాక వారం తిరక్కుండా మూత్రంలో ఇన్‌ఫెక్షన్, చలిజ్వరం. షుగరున్నవాళ్ళకి ఇది తొందరగా వస్తుందట. నీళ్ళు తాగకుండా ఉండటం, వచ్చినా ఆపుకోవటం రెండూ కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. మాత్ర గురించి డాక్టరుగారు చెప్పింది మీరూ గుర్తుంచుకోండి. ప్రయాణం రోజు వేసుకునే వేళ మార్చుకోవచ్చేమో ముందుగా అడగాలి. మనంతట మనం మానకూడదు.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు రాజమండ్రి వెళ్ళాను. ఈసారి గుళ్ళకంటే ముందు ఇవే వెతుక్కుంటూ తిరిగాను. మా అమ్మాయైతే ‘అమ్మా, నువ్వు తీర్థయాత్రకొచ్చావా, మునిసిపాలిటీ తనిఖీకొచ్చావా?’ అంది.

రైలు దిగేటప్పటి సంగతి ముందు. రాజమండ్రి పెద్ద స్టేషన్ ఒకటి, ఏటి పక్కనే గోదావరి స్టేషన్ ఒకటి. పుష్కర్ ఘాట్‌కి దగ్గర కదా అని గోదావరి స్టేషన్‌లో దిగాలనిపిస్తుంది. కానీ పెద్దవాళ్ళు వెంట ఉంటే పెద్ద స్టేషన్‌లోనే దిగండి. వెయిటింగ్ రూమ్‌లో మొహం కడుక్కుని, పని ముగించుకుని, నిదానంగా ఆటో ఎక్కొచ్చు. దిగగానే టికెట్ చింపి పారేసే అలవాటు మానుకోండి. వెయిటింగ్ రూమ్ దగ్గర అడిగితే చూపించాలి. ఫోన్‌లో ఉన్న టికెట్టయితే మెసేజ్ చెరిపెయ్యకండి. సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టాలంటే ప్రతి సంచికీ తాళం ఉండాలి. తాళం లేని సంచి తీసుకోరు. ఊరగాయ జాడీ ఉన్న గుడ్డసంచికి తాళం ఎలా వేస్తామండీ! అందుకని ఒక జిప్పు బ్యాగులోకి అన్నీ సర్దుకోండి. ఒక్క పూటే ఉండేవాళ్ళు లాడ్జికి బదులు స్టేషన్‌లోనే రిటైరింగ్ రూము దొరుకుతుందేమో ముందుగా చూసుకోవచ్చు. రిజర్వేషన్ టికెట్ ఉన్నవాళ్ళకి ఇస్తారు.

లాడ్జి అయితే ఏసీ ఉందా, టీవీ ఉందా అని కాదు అడగాల్సింది. కమోడ్ ఉందా? లిఫ్ట్ ఉందా? కరెంటు పోతే నీళ్ళు వస్తాయా? మేము మొదటిసారి దిగిన చోట ఫోన్‌లో ‘అన్నీ ఉన్నాయండీ’ అన్నారు. తీరా చూస్తే మూడో అంతస్తు, కింద కూర్చునే దొడ్డి. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి అక్కడ కూర్చుంటే లేవగలరా? నేను రెండు చేతులూ పట్టుకుని లేపాల్సి వచ్చింది. కోడలి చేత ఆ పని చేయించుకోవటం ఆవిడకి ఎంత చిన్నతనంగా ఉందో నాకు తెలుసు. ఆ పూటే ఆవిడ రాత్రి భోజనం కూడా మానేశారు. ఇప్పుడు బజార్లో మడత పెట్టుకునే కమోడ్ కుర్చీలు దొరుకుతున్నాయి. కారులో వెళ్ళేవాళ్ళు ఒకటి డిక్కీలో పడేసుకుంటే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇక ఘాట్లు. పుష్కర్ ఘాట్ పేరు వింటే 2015 గుర్తుకొస్తుంది. ఆ జూలై 14న, పుష్కరాల మొదటిరోజు తొక్కిసలాటలో పాతిక మందికి పైగా పోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. తెల్లవారుజామునుంచి గేటు దగ్గర గంటలకొద్దీ నిలబడ్డ జనం. అప్పట్నుంచి జనం ఎక్కువున్న రోజున నేను పుష్కర్ ఘాట్ పట్టుబట్టను. కోటిలింగాల ఘాట్ దాదాపు కిలోమీటరు పొడవుంటుంది. అక్కడ ఏ మెట్టు మీద మునిగినా అదే గోదావరి. ఇస్కాన్ గుడి పక్కన గౌతమీ ఘాట్ కూడా అంతే. సాయంత్రం హారతి చూడాలంటే మాత్రం పుష్కర్ ఘాట్‌కే వెళ్ళాలి. అది చూడదగ్గదే, కాదనను.

ఘాట్ల దగ్గర డబ్బులిచ్చి వాడుకునే దొడ్లున్నాయి. పర్వదినాల్లో ఇంకొన్ని తాత్కాలికంగా కడతారు, బట్టలు మార్చుకునే గదులు కూడా. ఇక్కడే నా అనుభవం వినండి. పొద్దున్న ఏడింటిలోపు వెళ్తే కడిగి శుభ్రంగా ఉంటాయి. పదింటికి వెళ్తే ముక్కు మూసుకోవాలి. మధ్యాహ్నం వెళ్తే, వెళ్ళకపోవడమే మంచిది! కాబట్టి అవసరం ఉన్నా లేకపోయినా పొద్దున్నే ఒకసారి వెళ్ళిరండి. రెండోది, దివ్యాంగుల కోసం అని విడిగా ఒక గది ఉంటుంది చూశారూ, అందులో కమోడ్, పట్టుకోవడానికి రాడ్డు ఉంటాయి. చాలా చోట్ల దానికి తాళం వేసి ఉంటుంది. తాళం ఉందని వెనక్కి రాకండి. డబ్బులు తీసుకునే మనిషిని ‘తాళంచెవి ఇవ్వండి, పెద్దావిడకి మోకాళ్ళు వంగవు’ అని అడగండి. ఒకచోట ఆ గదిలో చీపుళ్ళూ బకెట్లూ పెట్టుకున్నారు. అడిగితే కాస్త సణిగారు, కానీ తీసి పక్కన పెట్టారు. అడక్కపోతే అవి అక్కడే ఉండేవి.

డబ్బుల విషయం ఇంకో తమాషా. మగవాళ్ళు నిలబడి పోయడానికి ఒక్క పైసా ఇవ్వరు. మనం అదే పనికి వెళ్తే ఐదు రూపాయలు పెట్టమన్నారు. ‘వాళ్ళకి లేనిది మాకెందుకయ్యా?’ అని అడిగాను. ‘మీరు లోపల ఏం చేస్తారో నేనెట్టా చూస్తానమ్మా’ అన్నాడు! ముంబైలో ఈ లెక్క తేల్చమనే 2011 నుంచి ఆడవాళ్ళు ఉద్యమం చేశారు. నేనైతే ఆ రోజు ఐదూ ఇచ్చేశాను. చిల్లర మాత్రం దండిగా పట్టుకెళ్ళండి. వంద నోటిస్తే చిల్లర లేదంటారు, ఫోన్‌లో కొడదామంటే సిగ్నల్ అందదు, ఈలోపు మీ పరిస్థితి మీకు తెలుసు.

మాటల్లో మాట. మన రైళ్ళలో పాయిఖానాల వెనుక ఒక పాత ఉత్తరం కథ చెబుతారు. 1909లో ఒఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ పెద్దమనిషి పనసపండు ఎక్కువ తిని, కడుపు ఉబ్బి, అహ్మద్‌పూర్ స్టేషన్‌లో చెంబు పట్టుకుని దిగాడట. ఆయన వచ్చేలోపు గార్డు ఈల వేసేశాడు. ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో పంచె పట్టుకుని పరిగెత్తి ప్లాట్‌ఫారమ్ మీద పడిపోయాడు. వచ్చీరాని ఇంగ్లీషులో రైల్వేవాళ్ళకి ఉత్తరం రాసి పడేశాడు. అది ఢిల్లీ రైలు మ్యూజియంలో పెట్టారు. చదివి అందరూ నవ్వుకుంటారు. నాకు మాత్రం ఒకటే అనిపిస్తుంది. ఆయన దిగాడు, పడ్డాడు, ఉత్తరం రాశాడు. అదే రైల్లో ఉన్న ఆడవాళ్ళు దిగలేదు, రాయలేదు. పళ్ళ బిగువున కూర్చున్నారు.

సరే, ఊళ్ళో ఇంకేం చూడొచ్చో కూడా చెప్పకపోతే మీరు నన్ను తిడతారు. ధవళేశ్వరంలో కాటన్ దొర మ్యూజియం తప్పకుండా చూడండి. 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కట్టించిన ఆయన జ్ఞాపకం అది. ఆనకట్ట మీద గాలికి నిలబడితే కాలం తెలియదు. దామెర్ల రామారావు చిత్రశాల పిల్లలకి చూపించండి. కడియం నర్సరీలకి వెళ్తే మాత్రం మీరు ఒక పూట మర్చిపోండి, మీ వారు పర్సు మర్చిపోతారు. పెద్ద నర్సరీల్లో పనిచేసే ఆడవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి వాళ్ళకంటూ ఒక ఏర్పాటు ఉంటుంది. నాలుగు గులాబీ మొక్కలు కొని నవ్వుతూ అడిగితే నాకు ఎక్కడా కాదనలేదు. మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్క్ తాగడం అందరికీ తెలిసిందే. నేను అక్కడ నేర్చుకున్నది వేరు. ఏదైనా ఆర్డరిచ్చే ముందే ‘బాత్‌రూమ్ ఉందా అండీ?’ అని అడగాలి, బిల్లు కట్టాక కాదు. లేదంటే పక్క హోటల్‌కి వెళ్ళిపోవచ్చు. కారులో వచ్చేవాళ్ళు పెట్రోలు పోయించుకునే బంకులో మొహమాటపడకండి. మరుగుదొడ్డి, తాగే నీళ్ళు, టైర్లకి గాలి ఉచితంగా ఇవ్వాలని ఆయిల్ కంపెనీల నియమం. ‘పనిచెయ్యటం లేదు’ అంటే ‘కంప్లయింటు పుస్తకం ఇవ్వండి’ అనండి. నా అనుభవంలో ఆ మాటతో చాలా కుళాయిలు పనిచెయ్యడం మొదలుపెట్టాయి!

పాపికొండల బోటు వేరే కథ. పొద్దున ఎక్కితే సాయంత్రం దిగుతారు. టిఫినూ భోజనమూ బోటులోనే. వరదని బట్టి, పోలవరం పనులని బట్టి ఎక్కే రేవు మారుతుంటుంది. గోదావరి పోటు మీద ఉంటే బోట్లు ఆపేస్తారు. కాబట్టి టికెట్ తీసుకునేటప్పుడే అన్నీ అడగండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి మనం మర్చిపోలేం. లైఫ్ జాకెట్ ఇస్తే చీర నలుగుతుందని చేత్తో పట్టుకు కూర్చోకండి, తొడుక్కోండి. బోటులో బాత్‌రూమ్ వెనకవైపు ఉంటుంది, ఇరుకు. పైన డ్యాన్సులు మొదలయ్యాక, భోజనాలకి ముందు ఖాళీగా ఉంటుంది. భోజనాలయ్యాక లైను కడతారు. జాకెట్ విప్పి, వెంటవాళ్ళకి చెప్పి, తలుపు బయట ఒకరిని నిలబెట్టి వెళ్ళండి. వచ్చాక జాకెట్ మళ్ళీ వేసుకోండి.

మా అమ్మాయికి సరిగ్గా ఆ బోటులోనే నెలసరి వచ్చింది. తేదీ ఇంకా వారం ఉంది కదా అనుకున్నాం. ప్రయాణం అలసటకి ముందుకొచ్చేస్తుంది. నా సంచిలో ప్యాడ్లున్నాయి గనక సరిపోయింది. వాడినవి మాత్రం ఏట్లో పడెయ్యకూడదు, అక్కడ చెత్తబుట్ట లేదు. కాగితంలో చుట్టి, పాలప్యాకెట్ కవరులో పెట్టి, రేవు దాకా మోసుకొచ్చాం.

నా సంచిలో ఏముంటాయంటారా? ప్లాస్టిక్ చెంబు ఒకటి, కాగితం సబ్బు, చిన్న టార్చి, పాత పత్రికలు, రెండు పిన్నీసులు, కొసలు వంచిన ఇనుప కొక్కెం ఒకటి. ఆ కొక్కెం మీకు నవ్వొస్తుందేమో. తలుపు వెనుక మేకు లేని బాత్‌రూమ్‌లో హ్యాండ్‌బ్యాగ్ పళ్ళతో కరిచిపట్టుకుని, రెండు చేతులా చీర పట్టుకున్నవాళ్ళకి దాని విలువ తెలుస్తుంది.

పోయిన కార్తీకంలో అత్తయ్యగారిని మళ్ళీ తీసుకెళ్ళాం. రానంటే రానన్నారు. ‘ఎక్కడెక్కడ ఉన్నాయో నేను చూసొచ్చాను అత్తయ్యగారూ’ అని ఒక కాగితం మీద రాసిచ్చాను. స్టేషన్, లాడ్జి, ఘాట్ దగ్గర తాళం గది, మ్యూజియం దారిలో టిఫిన్ హోటల్, వరసగా. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, మడిచి బొడ్డు సంచిలో పెట్టుకున్నారు. రైలెక్కాక చూస్తే మాత్ర వేసుకుంటున్నారు, పక్కన నీళ్ళ సీసాతో.

2027లో పుష్కరాలు. వస్తానని ఇప్పట్నుంచే అంటున్నారు. ‘మొదటిరోజు మాత్రం వద్దు, ఆ కాగితం మాత్రం మళ్ళీ కొత్తగా రాయి అమ్మాయ్, తాళాలు మారుస్తారేమో’ అన్నారు.