మామిడికాయ పప్పు ముట్టలేదని కోపమొచ్చింది



మా పెద్దోడు హైదరాబాద్‌ల ఉంటడు. మొన్న ఇంటికొచ్చి ఫోన్‌ల వీడియోలు చూపెట్టిండు. ఎవరో పిల్లలు దేశదేశాలు తిరుగుకుంట అక్కడి వంటలు తిని చెప్తున్నరు. "నాయినా, ఒక ఊరి సంగతి తెల్వాలంటే వాళ్ల పొయ్యికాడ కూసోవాలె" అన్నడు. నిజమే. కానీ నాకు ఆ సంగతి విమానమెక్కకుండనే, మా మిర్చి చేను కాడ తెలిసింది. అదీ సిగ్గుపడి తెలుసుకున్న. చెప్పుకుంటే తప్పులేదని రాస్తున్న.

మాది నర్సంపేట దిక్కు. ఉన్నది రెండున్నర ఎకరాలు, అందుల ఎకరంన్నర చపాట మిర్చి పెడ్త. కాయ చిన్న టమాట లెక్క ఉంటది. కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025ల మన చపాటకు జీఐ గుర్తింపు కూడ వచ్చింది. ఏరుటానికి ఊర్లె మనుషులు సరిపోరు. అందుకని ఛత్తీస్‌గఢ్ నుంచి, భోపాలపట్నం అవతలి ఊర్ల నుంచి కోయోళ్ల ముఠా వస్తది. చేను పక్కన పరదాలు కట్టుకొని ఉంటరు. బియ్యం మనమిస్తం, ఏరినదానికి కిలోల లెక్క కూలి.

కొన్నేండ్ల కిందటి ముచ్చట. ఆఖరు ఏరుడు నడుస్తున్నది. మబ్బులు పట్టినయి, కల్లంల కాయ ఆరవోసి ఉన్నది, నా పానం నా దగ్గర లేదు. ఆ రోజు మా ఇంటామె మంచి మనసుతోని ముఠాకంతా మామిడికాయ పప్పు వండి తెచ్చింది. మా చెట్టు తొలికాయ. వాళ్లు అన్నం పెట్టుకున్నరు గని పప్పు గిన్నె ముట్టలే. ఉప్పు, మిరపకాయ నూరుకొని తిన్నరు. ఇంటామె మొఖం చిన్నబోయింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "మన చేతి కూర తినరట, మనం ఏం తక్కువోళ్లమని" అన్న.

తెల్లారి ముఠాల పెద్దవ్వ వచ్చి, "పటేలా, ఊర్లె పండుగున్నది. పోయొస్తం, లెక్క చెయ్యి" అన్నది. అసలే కోపం మీదున్న. "పైసలు చేతిల పడితే మళ్లొస్తరా? పండుగ చేసుకొని రాండ్రి, అప్పుడు చేస్త లెక్క" అన్న. అవ్వ నా దిక్కు చూసింది, ఏమనలే. మూటలు కట్టుకొని పోయిండ్రు.

ఆ రాత్రి ఇంటామె నిద్రపోలే. "మన కూర తినకపోతే తినకపోయిరి. రెండు నెలల రెక్కల కష్టం ఆపుతవా? ఉత్త చేతులతోని పండుగ ఎట్ల చేసుకుంటరు?" అన్నది. ఎనుమాముల మార్కెట్ల అమ్మిన పైసలు ఇంట్లనే ఉన్నయి. నా దగ్గర జవాబు లేదు.

మరునాడు పొద్దుగాలనే బామ్మర్దిని బండెక్కించుకొని బయలుదేరిన. ములుగు దాటినంక పెద్ద రోడ్డు ఒకటే, 163 నంబర్ హైవే. హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగ భోపాలపట్నం దాకా పోతది. తాడ్వాయి కాడ మేడారం తొవ్వ కనవడ్డది. రెండేండ్లకోసారి సమ్మక్క సారలమ్మకు నిలువెత్తు బెల్లం తూకమేసి ఇస్తం, జంపన్న వాగుల మునుగుతం, చెట్ల కింద కోడి వండుకొని తింటం. కోయోళ్ల దేవతలకు ఇన్నేండ్లు మొక్కిన. ఒక్కసారన్న కోయింట్ల ముద్ద తిన్ననా? తినలే. ఏటూరునాగారం, ముళ్లకట్ట కాడ గోదారి బ్రిడ్జి, వాజేడు దాటి అడుక్కుంట అడుక్కుంట ఆ ఊరికి చేరినం.

నన్ను చూడంగనే అవ్వ బెదిరింది. పనికి గుంజుకపోను వచ్చిన్నేమో అనుకున్నది. పైసలు చేతిల పెట్టిన. ఆమె మనుమడు రెండుసార్లు లెక్కపెట్టిండు. లెక్కపెట్టాలె గద, నేను చేసిన పనికి. అప్పుడు అవ్వ "కూసో పటేలా, తినిపో" అన్నది.

ఆ రోజే వాళ్ల మర్క పండుమ్. మర్క అంటే మామిడికాయ, పండుమ్ అంటే మన పండుగే. ఊరి దేవతకు, కాలం చేసిన పెద్దలకు పెట్టకముందు కొత్త మామిడికాయ ఎవ్వరూ నోట్లె పెట్టరు. "నీ ఇంటామె పప్పు వాసనకు నోరూరింది పటేలా. తింటే తప్పు. ఆమెకు ఎట్ల చెప్పాలెనో తెల్వలే" అన్నది అవ్వ. నాకు తల కొట్టేసినట్టయింది.

మా నాయినమ్మ కూడ ఉగాది పచ్చడి కాకముందు చెట్టుమీద చెయ్యి వెయ్యనియ్యకపోయేది. అది నాకు యాదికే రాలే. మరి కులమని ఎందుకు తోచింది? మా ఊర్లె ఎవరింట్ల ఎవరు తినరో చిన్నప్పటి నుంచి చూసిన. నేనూ అట్లనే చేసిన. ముఠా వచ్చిన కాడ్నుంచి వాళ్లకు మంచినీళ్లకు మా ఇంట్ల వేరే చెంబు ఉండె. నా బుద్ధి వాళ్లకు అంటగట్టిన.

ఆకుల దొప్పల అన్నం, మామిడికాయ ముక్కలేసిన ఎండుచేపల పులుసు పెట్టిండ్రు. పక్కన ఎర్రచీమల పచ్చడి. బామ్మర్ది మొఖం తిప్పిండు. నేను వేలుతోని నాకి చూసిన. నిమ్మకాయ పిండినట్టు పుల్లగున్నది, ఎనుక కారం. ఆ పులుపు చీమదేనట. అసొంటి ఎర్రచీమల చట్నీకే, ఒడిశాల మయూర్‌భంజ్ జిల్లాదానికి, 2024ల జీఐ గుర్తింపు వచ్చింది. మన చపాటకంటే ఒక ఏడాది ముందు. చీమలు తింటరని నవ్వెటోళ్లు ఇది యాదుంచుకోవాలె. మనం మనదనుకునే మిరపకాయ సుత అమెరికా ఖండంల పుట్టి, పోర్చుగీసోళ్ల పడవలెక్కి వచ్చిందే.

ఒక ముసలాయన ఇంకో మాట చెప్పిండు. కాయ ముదరకముందే కోసుకుంట పోతే టెంక కట్టదు, విత్తనం ఉండదు, అందుకే పెద్దలు ఆ కట్టడి పెట్టిండ్రని. రేటు కోసం పిందె మీదనే కోసి మందు పెట్టి మాగేసే మనకు ఆ మాట గట్టిగనే తగుల్తది.

నేను ఊరికొచ్చిన రోజే వాన పడ్డది. కల్లంల కొంత కాయ తెల్లబడి తాలుకు పోయింది, నష్టమొచ్చింది. ఆరో రోజు ముఠాల సగం మందే తిరిగొచ్చిండ్రు. మిగిలినోళ్లు రాలే. నామీద నమ్మకం పోయిందేమో, అడిగే మొఖం నాకు లేదు.

అప్పటి నుంచి వారం వారం లెక్క చేస్తున్న. ఆ చెంబు తీసేసినం, అందరం ఒక్క బిందెలనే ముంచుకొని తాగుతం. మార్చిల మామిడికాయ కోసే ముందు మా ఇంటామె చేన్లకు పోయి అవ్వను అడుగుతది, "అవ్వా, మీ పండుగ అయిందా?" అని. కాలేదంటే ఆ రోజు చింతపండు పప్పు చేస్తది.