మొగ దాటి వచ్చే మీనం

గూడూరు పేరు వినగానే నిమ్మకాయలు, అభ్రకపు గనులు గుర్తుకు వస్తాయి. చేపను తలచుకునేవారు అరుదు. కాని ఈ పట్టణానికి తూర్పుగా కోట, వాకాడు దాటి వెళ్తే నేల పల్లమవుతుంది, గాలిలో ఉప్పదనం తెలుస్తుంది. దక్షిణాన పులికాటు సరస్సు పరచుకొని ఉంటుంది. చిలికా తరువాత మన దేశంలో అంతటి ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. దానికీ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట దీవి గట్టులా నిలిచింది. 1971 నుంచి అక్కడ రాకెట్లు నింగికెగురుతున్నాయి. వాటిని చూడవచ్చినవారి కళ్లు ఆకాశం మీదనే ఉంటాయి. కింద నీటిలో సాగే మరొక ప్రయాణాన్ని గమనించేవారు తక్కువ.

ఆ ప్రయాణం టార్పన్ అనే చేపది. వెండి రేకుల వంటి పెద్ద పొలుసులు, పైకి తిరిగిన నోరు, విశాలమైన కళ్లు, వీపురెక్క చివర దారంలా సాగిన ఒక పోగు దీని గుర్తులు. 1782లో బ్రూసొనే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. 1875-78 మధ్య ప్రకటించిన భారతదేశపు మత్స్యాల గ్రంథంలో ఫ్రాన్సిస్ డే దీన్ని వర్ణించాడు. పులికాటు మత్స్యాల పట్టికలలోనూ ఇది చోటు చేసుకొంది.

టార్పన్ సముద్రంలో గుడ్లు పెడుతుంది. పొదిగిన డింభకానికి తల్లి పోలిక ఏ మాత్రం ఉండదు. అది గాజు రిబ్బను ముక్కలా పారదర్శకంగా, పలుచగా ఉంటుంది. మలుగు చేపల డింభకాలదీ ఇదే రూపం. తోక చీలి ఉండటం ఒక్కటే టార్పన్‌ను పట్టిస్తుంది. పాములాంటి మలుగుకు, వెండి పొలుసుల టార్పన్‌కు గల చుట్టరికాన్ని శాస్త్రజ్ఞులు ఈ శైశవరూపాన్ని బట్టే గుర్తించారు.

మత్స్యావతార కథలో సత్యవ్రతుని దోసిట పడిన చేపపిల్ల క్షణక్షణానికీ పెరిగి సముద్రాన్ని నింపింది. టార్పన్ కథ ఇందుకు విపరీతం. అలలతో తీరానికి చేరిన డింభకం పెరగడానికి ముందు తరుగుతుంది. శరీరంలోని జిగురు పదార్థాన్ని కరిగించుకొంటూ దాదాపు సగం పొడవుకు కుంచించుకుపోతుంది. ఆ తరువాతే చేప రూపు దాల్చి ఎదుగుతుంది. ఈ రూపవిక్రియను మన దేశంలో కె.హెచ్. అలికున్హి, ఎస్.ఎన్. రావు పరిశీలించి 1951లో వివరాలు ప్రకటించారు. ఆ అలికున్హియే 1957లో హీరాలాల్ చౌధురితో కలిసి హార్మోన్ సూదులతో మన మంచినీటి చేపలచేత గుడ్లు పెట్టించాడు. నేటి చేపల చెరువుల సిరికి అది తొలిమెట్టు.

పిల్ల టార్పన్ కోరుకునేది నిర్మలజలం కాదు. మడ అడవుల మడుగులు, మురిగిన కాలువలు, పాచి పట్టిన గుంటలు దాని ఉయ్యాలలు. అక్కడ ప్రాణవాయువు అతి స్వల్పం. తక్కిన చేపలు ఊపిరాడక వెనుదిరిగే చోట ఇది పైకి వచ్చి గాలి మింగుతుంది. దాని గాలితిత్తి లోపలి పొర ఊపిరితిత్తి పని చేస్తుంది. 2004లో వెలువడిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్తల పరిశోధన దీన్ని కొలిచి చూపింది. నీటిలో ప్రాణవాయువు చాలినంత ఉన్నప్పుడు టార్పన్ ముఖ్యంగా మొప్పలతోనే శ్వాసిస్తుంది. అది తగ్గినప్పుడు, శ్రమ పెరిగినప్పుడు గాలి మింగడం ఎక్కువవుతుంది. శత్రువు రాలేని చోటే దానికి రక్ష. అట్లాంటిక్ సముద్రంలోని దీని బంధువు ఇంకా పెద్దది, దీర్ఘాయువు కలది. చికాగోలోని షెడ్ అక్వేరియంలో అటువంటి చేప ఒకటి 1935 నుంచి 1998 వరకు బతికింది.

ఇంత ఓర్పు గల చేపకు మనిషి వద్ద ఆదరణ కొరవడింది. ముళ్లు ఎక్కువని కొనేవారు వెనుకాడతారు. పోటునీటితో చెరువుల్లో దూరి రొయ్యపిల్లలను తింటుందని పెంపకందారులు విసుక్కుంటారు. వారి నష్టం నిజమే. అయితే పెద్ద చేప తినే ప్రతి చిన్నచేపా, చిన్నచేప తినే ప్రతి పురుగూ ఒక గొలుసులోని కడియాలే. నడుమ ఒకటి తెగితే ఆ గొలుసు ఎక్కడ సడలుతుందో ముందుగా చెప్పడం కష్టం.

నిజమైన ఆపద మరొకటి ఉంది. సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న ద్వారాలను మత్స్యకారులు మొగలు అంటారు. ఉత్తరాన రాయదొరువు మొగ ఇసుక మేటలతో పూడుకుపోతూ వచ్చింది. మొగ మూసుకుంటే ఆటుపోట్లు ఆగుతాయి. వేసవిలో నీరు ఇంకి ఉప్పు పేరుకుంటుంది. రిబ్బనులాంటి ఆ పసిప్రాణి గట్టు అవతలే ఆగిపోతుంది. ఊపిరి ఆడని నీటిని గెలవగలిగిన చేప, దారే లేని నీటిని గెలవలేదు. ఆ దారినే రొయ్యపిల్లలూ రావాలి, తీరపు పల్లెల కూడూ రావాలి.

1803లో పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం తీరపు రెండువందల చేపల చిత్రాలను గ్రంథంగా వెలువరించినప్పుడు, జాలరులు పలికిన తెలుగు పేర్లనే వాటికి చేర్చాడు. ఆ విదేశీయునికి తొలి గురువులు వల పట్టినవారే. మొగ ఎప్పుడు తెరచుకుంటుందో, ఏ చేప ఏ కార్తెలో లోపలికి వస్తుందో చెప్పగలిగిన వృద్ధులు ఈ తీరాన నేటికీ ఉన్నారు. ప్రయోగశాల చేరవలసిన పాఠం వారి నోటనే ఉంది. దాన్ని అడిగి రాసుకోవలసిన చేతులు ఈ ప్రాంతపు కళాశాలల్లో చదువుకుంటున్నాయి.