గుండె ఆపరేషన్ అయిన బిడ్డకు కాపలా

పుట్టే ప్రతి వేయిమంది పిల్లల్లో ఎనిమిది తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఎక్కువగా కనబడేది గుండె కింది గదుల మధ్య గోడకు చిల్లు. చిన్న చిల్లులు చాలావరకు వాటంతటవే పూడుకుపోతాయి, పెద్దవాటికి ఆపరేషన్ తప్పదు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి వంటి ఊరి నుంచి అందుకు మిర్యాలగూడ మీదుగా హైదరాబాదు చేరాలి. ఖర్చుకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి 10 లక్షల రూపాయలు.

ఐసీయూలో మొదటిచూపుకు ఎంత గట్టి తల్లయినా కూలబడుతుంది. బిడ్డ ముఖం ఉబ్బి ఉంటుంది. నోట్లో వెంటిలేటర్ గొట్టం, ఛాతీ కింద డ్రెయిన్ పైపులు, వాటి చివర డబ్బాలో ఎర్రటి నీరు. ఆ నీరు మొదట్లో రావడం మామూలే, క్రమంగా తగ్గుతుంది. మానిటర్ కూత పెట్టిన ప్రతిసారీ ప్రమాదమనీ కాదు, చాలాసార్లు బొటనవేలికి పెట్టిన క్లిప్పు జారి ఉంటుంది. ఈ మాటలు ఆపరేషన్ ముందురోజే చెబితే సగం భయం తగ్గుతుంది. చెప్పే తీరిక మాత్రం అందరికీ ఉండదు.

వాడపల్లి లక్ష్మీనరసింహస్వామి గుడిలో స్వామి ముక్కు ఎదుటి దీపం ఆయన ఊపిరికి రెపరెపలాడుతుందనీ, కింది దీపం కదలదనీ భక్తుల నమ్మకం. ఊపిరిని కళ్లప్పగించి చూడటం ఆ ఊరివాళ్లకు కొత్త కాదు. ఆస్పత్రిలో దానితోపాటు నీళ్ల లెక్క కూడా చూడాలి.

వార్డులోకి వచ్చాక అసలు కష్టం దాహమే. గుండె ఇంకా తేరుకోలేదు. ఒంట్లో నీరు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందుకే పాలు, మజ్జిగ, మందు మింగించిన గుక్కెడు నీళ్లు అన్నీ లెక్కే. పోసిన మూత్రాన్నీ కొలిచి రాస్తారు. “ఇంకొక్క గుక్క” అని బిడ్డ ఏడుస్తుంటే తడి దూదితో పెదవులద్ది ఊరుకోవాలి. పక్కన అమ్మమ్మ ఉంటే ఈ నియమం నిలవడం కష్టం. నొప్పికి భయపడి పిల్లలు దగ్గరు, కఫం పేరుకుంటుంది. దిండు ఛాతీకి హత్తుకుని దగ్గమనాలి, బెలూన్లు ఊదించాలి.

ఇంటికొచ్చాకా జాగ్రత్త తప్పదు. ఆపరేషన్‌లో కోసిన రొమ్ము ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అందాకా చంకల కింద చేతులేసి ఎత్తకూడదు. ఒక చేయి భుజాల కింద, మరొకటి పిరుదుల కింద వేసి ఎత్తాలి. సంగమంలో మొక్కు స్నానం గాయం పూర్తిగా మానాకే, అదీ డాక్టరు సరేనన్నాకే. జ్వరం వచ్చినా, గాయం ఎర్రబడి చీము పట్టినా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా మరుసటి చెకప్ దాకా ఆగకూడదు.

పళ్ల సంగతి చాలామంది మరిచిపోతారు. పుచ్చుపన్ను నుంచి రక్తంలో కలిసిన సూక్ష్మజీవులు గుండె లోపలి పొరను పట్టుకోగలవు. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే ముందుగా గుండె ఆపరేషన్ కాగితాలు చూపించండి.