టీవీలో కనబడని ఫోల్డరు

మా ఇంట్లో సినిమాలు, పెళ్లి వీడియోలు పాత కంప్యూటర్లో జెల్లీఫిన్ పెట్టుకుని టీవీలో చూస్తాం. కొత్తగా ఏది చేరినా మొదటి తెరమీదే బొమ్మ వేసి చూపిస్తుందది. మొన్న మావారు ఫోన్లోవన్నీ అందులోకి ఎక్కించాక, మామయ్యగారి ఆసుపత్రి వీడియోలు పిల్లల కార్టూన్ల పక్కన వచ్చి కూర్చున్నాయి. అత్తయ్యగారు చూసి, మాట్లాడకుండా లేచి లోపలికెళ్లిపోయారు. తీసేయమంటారా అని అడిగితే, "వద్దమ్మా, ఆయన గొంతుంది అందులో" అన్నారు.

ఆ ఫోల్డర్లో ఖాళీ ఫైలొకటి పెట్టాను. పేరు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, ముందు చుక్క పెట్టి 'ఇగ్నోర్' అని. (నోట్‌ప్యాడ్ చివర టీఎక్స్‌టీ అని తోక తగిలిస్తుంది, అది తీసేయాలి.) మళ్లీ స్కాన్ చేయిస్తే టీవీలోంచి పోయాయి, డిస్కులో మాత్రం అలాగే ఉన్నాయి. పిల్లలు బడికెళ్లాక ఆవిడ ఒక్కోసారి కంప్యూటర్ దగ్గరికొచ్చి కూర్చుంటారు. నేను ఫోల్డరు తెరిచిచ్చి వంటింట్లోకి వచ్చేస్తాను.